తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు

తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు పశ్చిమ బెంగాల్ రాష్ట్ర రాజధాని అయిన కోల్‌కతా నగరపు తూర్పు అంచున విస్తరించి ఉన్న చెరువులు, కాలువలు, కూరగాయల మడులు, వరి పొలాల సముదాయం. నగరవాసులు వాడి వదిలిన మురుగునీటితో ఇక్కడ చేపలు, కూరగాయలు, వరి పండిస్తారు. ఆ పంటలు పండే క్రమంలోనే మురుగునీరు చాలావరకు శుభ్రపడుతుంది. దీని మొత్తం విస్తీర్ణం 12,500 హెక్టార్లు, అనగా 125 చదరపు కిలోమీటర్లు. మురుగునీటితో చేపలను పెంచే వ్యవస్థలలో ఇది ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరుపొందినది. 2002 ఆగష్టు 19న దీనిని రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తించారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని కొల్లేరు సరస్సుకు ఈ గుర్తింపు లభించినది కూడా అదే రోజున.

ఈ వ్యవస్థను ఏ ఒక్క ఇంజనీరూ కాగితం మీద గీసి నిర్మించలేదు. మురుగు కాలువలను తవ్వింది ప్రభుత్వం. ఆ నీటితో చేపలను ఎలా పెంచాలో తెలుసుకున్నది స్థానిక మత్స్యకారులు, రైతులు. కాలువ, చెరువు, పనివారి నైపుణ్యం అనే మూడూ కలిసి ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది. వీటిలో ఏ ఒక్కటి తొలగిపోయినా మిగిలిన రెండూ నిరుపయోగమవుతాయి. ఈ నేలలను కాపాడటంలో ఉన్న అసలు సమస్య ఇదే.

పేరు

రామ్‌సర్ జాబితాలో దీని పేరు తూర్పు కలకత్తా చిత్తడి నేలలు అని ఉన్నది. 2001లో నగరం పేరు కోల్‌కతాగా మారిన తరువాత తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఇక్కడి చేపల చెరువులను బెంగాలీలో భేరీలు అంటారు. గట్టు అనే అర్థం నుండి ఈ మాట వచ్చింది. నగారా అనే అర్థంలో తెలుగువారు వాడే భేరికీ దీనికీ సంబంధం లేదు. కూరగాయల మడుల మధ్య ఉండే పొడవాటి సన్నని నీటిగుంటలను ఝీల్‌లు అంటారు.

నైసర్గిక స్థితి

కోల్‌కతా నగరం హుగ్లీ నదికి తూర్పు ఒడ్డున ఉన్నది. నది వరదలలో తెచ్చి వేసిన ఒండ్రు వలన నది ఒడ్డు ఎత్తుగాను, అక్కడ నుండి తూర్పుకు పోయేకొద్దీ నేల పల్లంగాను ఉంటుంది. అందువలన నగరంలోని నీరు పక్కనే ఉన్న హుగ్లీలోకి గాక, సహజంగా తూర్పు వైపుకు పారుతుంది. చిత్తడి నేలలు ఈ పల్లంలోనే ఉన్నాయి. ఇవి ఉత్తర 24 పరగణాలు, దక్షిణ 24 పరగణాలు జిల్లాలలోను, కొంత నగర పరిధిలోను విస్తరించి ఉన్నాయి. వీటికి ఆగ్నేయంగా సుందరవనాల డెల్టా ప్రాంతం, ఆపైన బంగాళాఖాతం ఉన్నాయి.

చరిత్ర

ఉప్పు చెరువుల కాలం

పూర్వం ఈ ప్రాంతమంతా ఉప్పునీటి చెరువులతో నిండి ఉండేది. బిద్యాధరి అనే నది ద్వారా సముద్రపు పోటు నీరు ఇక్కడి వరకు వచ్చేది. ఆ నీటిలో పండుగప్ప, రొయ్యలు వంటివి పెరిగేవి. అందుచేతనే ఆంగ్లేయుల కాలపు పటాలలో దీనికి సాల్ట్ లేక్ అని పేరు. పోటుకు నీరు వచ్చి, పాటుకు తిరిగి పోవడం వలన నదిలో పూడిక చేరకుండా ఉండేది.

మురుగు కాలువలు

19వ శతాబ్దపు తొలినాళ్ళలో నగరపు మురుగును ఎటు పంపాలన్న ప్రశ్న తలెత్తింది. నేల వాలు తూర్పుకు ఉన్నదని గుర్తించి, మురుగును హుగ్లీలో కలపకుండా తూర్పున ఉన్న ఉప్పు చెరువుల వైపుకు మళ్ళించాలని నిర్ణయించారు. ఆ శతాబ్దం రెండవ భాగంలో విలియం క్లార్క్ అనే ఇంజనీరు పథకం ప్రకారం భూగర్భ మురుగు కాలువల నిర్మాణం జరిగింది. ఇళ్ళ మురుగు, వాననీరు రెండూ ఒకే కాలువలలో ప్రవహించేటట్లు వీటిని కట్టారు. నగరపు చెత్తను కూడా తూర్పున ఉన్న ధాపా అనే చోట పోయడం మొదలయినది ఆ కాలంలోనే.

నది మరణం

కాలువల తవ్వకాలు, మురుగులోని పూడిక, పోటు నీటికి అడ్డుకట్టలు - వీటన్నిటి వలన బిద్యాధరి నది క్రమంగా పూడిపోయింది. 1928లో ఆ నది మరణించినట్లు ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. నదితో పాటు ఉప్పునీటి రాక ఆగిపోయింది. పండుగప్ప, రొయ్యల మీద బ్రతికిన మత్స్యకారులకు జీవనాధారం పోయింది. చెరువులకు చేరగలిగిన నీరు నగరపు మురుగు ఒక్కటే.

మురుగునీటిలో చేపలు

ఈ దశలో కొందరు చెరువుల యజమానులు, మత్స్యకారులు మురుగునీటిని కొద్దికొద్దిగా చెరువులలోకి వదిలి మంచినీటి చేపలను పెంచే ప్రయత్నం చేశారు. మురుగును ఎక్కువగా వదిలితే చేపలు చచ్చిపోయేవి, తక్కువైతే ఎదిగేవి కావు. ఎంత నీరు, ఎన్ని రోజులు, ఏ కాలంలో అనే లెక్క అనుభవం మీద తెలిసింది. 1930ల నాటికి ఈ పద్ధతి స్థిరపడి, క్రమంగా చుట్టుపక్కల చెరువులకు వ్యాపించింది. నగరపాలక సంస్థ ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన బీరేంద్రనాథ్ డే రూపొందించిన పథకం ప్రకారం, మురుగును తూర్పున దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కుల్టీ నదికి చేర్చే కాలువలు 1940లలో పనిచేయసాగాయి. వీటిలో ఒకటి ఎండాకాలపు మురుగు కోసం, మరొకటి వానాకాలపు వరద నీటి కోసం. ఈ కాలువలు చిత్తడి నేలల మధ్య నుండి పోతాయి కనుక, తూముల ద్వారా భేరీలకు నీరు అందడం సులభమయినది.

తగ్గిన విస్తీర్ణం

1962లో ఉత్తర భాగపు చెరువులను హుగ్లీ నది ఇసుక, ఒండ్రులతో పూడ్చి కొత్త నగరం నిర్మించడం ప్రారంభించారు. అదే నేటి బిధాన్‌నగర్. సాల్ట్ లేక్ అనే పాత పేరుతో కూడా దానిని పిలుస్తారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిగా పనిచేసిన బిధాన్ చంద్ర రాయ్ పేరు ఆ నగరానికి పెట్టారు. ఆ తరువాత తూర్పు నగర బాహ్య రహదారి, కొత్త కాలనీలు రావడంతో చెరువులు మరింత తగ్గాయి.

నేల వినియోగం

అధికారిక లెక్కల ప్రకారం 12,500 హెక్టార్ల నేల ఈ విధంగా వినియోగంలో ఉన్నది:

- ప్రధానంగా నీటి వనరులు (భేరీలు, కాలువలు): 5,852 హెక్టార్లు
- వ్యవసాయ భూములు (ముఖ్యంగా వరి): 4,719 హెక్టార్లు
- చెత్త ఎరువుపై కూరగాయల సాగు: 603 హెక్టార్లు
- నివాస ప్రాంతాలు: 1,326 హెక్టార్లు

భేరీల సంఖ్య 250 పైచిలుకు. వీటిలో కొన్ని ఒకటి రెండు ఎకరాలవి కాగా, కొన్ని వందల ఎకరాలవి. ఏడాదికి 10,000 టన్నులకు పైగా చేపలు, రోజుకు సుమారు 150 టన్నుల కూరగాయలు ఇక్కడ నుండి నగరానికి చేరుతాయని సాధారణంగా పేర్కొనే అంచనా. పొలం నుండి బజారుకు దూరం కొద్ది కిలోమీటర్లే కనుక రవాణా ఖర్చు స్వల్పం. నగరంలోని పేద, మధ్య తరగతి ప్రజలకు చేపలు, కూరగాయలు చౌకగా దొరకడానికి ఇది ఒక కారణం.

నీరు శుభ్రపడే విధానం

మురుగునీటిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా నీరే. మిగిలిన కొద్ది భాగంలో మానవ విసర్జితాలు, వంటింటి వ్యర్థాలు, సబ్బులు మొదలైనవి ఉంటాయి. వీటిలోని నత్రజని, భాస్వరం పొలానికి ఎరువులు. అవే నదిలో కలిస్తే కాలుష్యం. ఒకే పదార్థం చోటును బట్టి ఎరువో, కాలుష్యమో అవుతుందన్న సత్యం మీద ఈ వ్యవస్థ ఆధారపడి ఉన్నది.

భేరీలు లోతు తక్కువ చెరువులు. చాలా వాటిలో నీరు నడుము లోతును మించదు. అందువలన ఎండ అడుగు వరకు చేరుతుంది. అక్కడ జరిగే క్రియను వరుసగా ఇలా చెప్పవచ్చును:

- మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా విడగొడుతుంది. దీనికి ప్రాణవాయువు అవసరం. ఫలితంగా బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా, ఫాస్ఫేటులు విడుదలవుతాయి.
- నీటిలో తేలియాడే సూక్ష్మమైన నాచు వీటిని ఆహారంగా తీసుకొని, ఎండ సహాయంతో కిరణజన్య సంయోగక్రియ జరిపి, ప్రాణవాయువును నీటిలోకి వదులుతుంది. ఆ ప్రాణవాయువే తిరిగి బాక్టీరియాకు ఉపయోగపడుతుంది.
- నాచును సూక్ష్మ జంతువులు తింటాయి. ఈ రెండింటినీ కలిపి ప్లవకాలు అంటారు. ప్లవకాలను చేపలు తింటాయి.
- తీవ్రమైన ఎండ, పగటి వేళ నీటిలో పెరిగే క్షారగుణం, నీరు నిలవ ఉండే వ్యవధి వలన రోగకారక క్రిములు చాలావరకు నశిస్తాయి.

వీటిలో చేపల పాత్ర ముఖ్యమైనది. చేపలు తినకపోతే నాచు మితిమీరి పెరిగి, ఒక్కసారిగా చచ్చి కుళ్ళి, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. అనగా చేప ఇక్కడ పంట మాత్రమే కాదు, నీటిని శుద్ధి చేసే పనిముట్టు కూడా. నీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని కొలిచే బి.ఓ.డి. అనే ప్రమాణం ఈ చెరువులలో 80 శాతానికి పైగా తగ్గుతుందని, కోలిఫారం బాక్టీరియా 99 శాతానికి పైగా తగ్గుతుందని రామ్‌సర్ గుర్తింపు కోసం సమర్పించిన పత్రంలో పేర్కొన్నారు. యంత్రాలతో నడిచే శుద్ధి కేంద్రంలో గాలిని నీటిలోకి ఎక్కించడానికి విద్యుత్తు కావాలి. ఇక్కడ ఆ పని సూర్యరశ్మి, నాచు చేస్తాయి. పామర్స్ బ్రిడ్జి వంటి కేంద్రాలలో మురుగును కాలువలలోకి ఎత్తిపోయడానికి మాత్రం విద్యుత్తు వాడుతారు.

భేరీలో సంవత్సర కాలపు పనులు

చెరువును సిద్ధం చేయడం: చలికాలంలో చెరువులోని నీటిని తీసివేసి, అడుగును ఎండబెడతారు. పూడిక తీసి గట్లకు వేస్తారు. అడుగు దున్ని, అవసరమైతే సున్నం చల్లుతారు. పనికిరాని చేపలను తొలగించడానికి ఇప్పచెక్క వాడటం కూడా ఉన్నది.

మొదటి నింపు: తూము తీసి మురుగునీటిని చెరువులోకి వదులుతారు. ఆ నీటిని వెంటనే వాడరు. రెండు మూడు వారాలు ఎండలో నిలవ ఉంచుతారు. నల్లగా ఉన్న నీరు క్రమంగా ఆకుపచ్చగా మారుతుంది. ఆ రంగు నాచు పెరిగినదనడానికి గుర్తు.

చేపపిల్లలను వదలడం: మొదట కొద్ది పిల్లలను మాత్రమే వదిలి చూస్తారు. అవి బ్రతికితే నీరు సిద్ధమైనదని అర్థం. తరువాత నర్సరీ చెరువులలో పెంచిన పిల్లలను వదులుతారు. బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), ఎర్రమోసు (మృగాల), వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ, తిలాపియా రకాలను కలిపి పెంచుతారు. బొచ్చె పైనీటిలోను, శీలావతి మధ్యలోను, ఎర్రమోసు అడుగునను మేస్తాయి. అందుచేత ఒకే చెరువులోని ఆహారమంతా వినియోగమవుతుంది.

దఫదఫాలుగా మురుగు: చేపలు పెరిగే కాలంలో కొద్ది మోతాదులలో మురుగునీటిని వదులుతూ ఉంటారు. ఇక్కడే నైపుణ్యం అవసరం. రాత్రి వేళ నాచు ప్రాణవాయువును విడుదల చేయదు, పైపెచ్చు వాడుకుంటుంది. అందువలన తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటే మురుగు ఎక్కువైనదని గ్రహించి తూము మూసివేస్తారు. నీటి రంగు, వాసన, చేపల కదలిక చూసి పనివారు ఈ నిర్ణయం తీసుకుంటారు. మబ్బు పట్టిన రోజులలో మురుగు తగ్గిస్తారు.

గట్ల రక్షణ: పెద్ద భేరీలలో గాలికి లేచే అలలు మట్టి గట్లను కోసివేస్తాయి. దీనిని నివారించడానికి గట్ల వెంట గుర్రపుడెక్కను వెదురు కట్టలతో ఆపి పెంచుతారు. ఇతర చోట్ల చెరువులకు శత్రువైన ఈ కలుపు మొక్క ఇక్కడ అలలను అడ్డుకుంటుంది, ఎండ వేళ చేపలకు నీడనిస్తుంది, నీటిలోని కొన్ని లోహాలను వేళ్ళతో పీల్చుకుంటుంది.

పట్టుబడి: తెల్లవారకముందే వలలు లాగి, చెరువుల దగ్గరలోని వేలం బజార్లకు చేపలను చేరుస్తారు. బ్రతికి ఉన్న చేపకు ధర ఎక్కువ. కనుక నీళ్ళు నింపిన అల్యూమినియం బిందెలలో, ఆ నీటిని చేత్తో తడుతూ చేపలను తీసుకువెళ్ళడం ఇక్కడ పరిపాటి. అలా తట్టడం వలన నీటిలోకి గాలి చేరుతుంది.

ధాపా కూరగాయల తోటలు

ధాపాలో నగరపు చెత్త కుళ్ళి ఏర్పడిన మట్టి మీద 19వ శతాబ్దం చివరి నుండి కూరగాయలు పండిస్తున్నారు. చెత్త నేల ఒక పట్టీగాను, దాని పక్కన సన్నని పొడవాటి ఝీల్ మరొక పట్టీగాను ఉంటాయి. మురుగునీటిని నేరుగా మొక్కలకు పెట్టకుండా మొదట ఝీల్‌లో నిలవ ఉంచుతారు. మడ్డి అడుగుకు దిగిన తరువాత పైతేట నీటిని మొక్కలకు పోస్తారు. కాలీఫ్లవర్, క్యాబేజీ, వంకాయ, ముల్లంగి, గుమ్మడి, మొక్కజొన్న, పాలకూర, తోటకూర ఇక్కడి ముఖ్యమైన పంటలు. నేలలోనే సారం ఉండటం వలన ఏడాదిలో పలు పంటలు తీస్తారు. ధాపాలోని చెత్త గుట్టలు మాత్రం నేడు పాతకాలపు చెత్త వంటివి కావు. ప్లాస్టిక్, బ్యాటరీలు, రసాయనాలు కలిసిన చెత్త ఎరువుగా పనికిరాదు.

వరి పొలాలు

భేరీల నుండి బయటకు వచ్చే నీరు వృధా కాదు. తూర్పున పల్లంగా ఉన్న వరి పొలాలకు దానిని పారిస్తారు. ఆ నీటిలో ఇంకా మిగిలి ఉన్న నత్రజని, భాస్వరం పైరుకు అందుతాయి. ఈ విధంగా నగరంలో ఒకసారి వాడిన నీరు చేపలకు, ఆ తరువాత వరికి ఉపయోగపడి, చివరకు కుల్టీ నదికి చేరుతుంది. భేరీలు తీసుకోలేని మిగులు మురుగు కాలువ వెంట నేరుగా కుల్టీకి పోతుంది.

యాజమాన్యం, జీవనోపాధి

భేరీలలో ప్రైవేటు వ్యక్తులవి, పనివారి సహకార సంఘాలవి, ప్రభుత్వ సంస్థలవి అని మూడు రకాలు ఉన్నాయి. వీటిలో ప్రైవేటు భేరీలే ఎక్కువ. నల్బన్ వంటి పెద్ద భేరీలు రాష్ట్ర మత్స్య అభివృద్ధి సంస్థ ఆధీనంలో ఉన్నాయి. సహకార సంఘాలలో పనివారే సభ్యులు. గట్లు కట్టేవారు, వలలు లాగేవారు, కాపలాదారులు, గుర్రపుడెక్క తీసేవారు, చేపపిల్లలను పెంచేవారు, బిందెలు మోసేవారు, వేలందారులు, వలలు అల్లేవారు - ఇలా వేలాది కుటుంబాలు ఈ నేలల మీద ఆధారపడి ఉన్నాయి. తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో తెలిసిన జ్ఞానం ఎక్కువగా వీరి మధ్య నోటి మాటగానే ఒక తరం నుండి మరొక తరానికి అందుతున్నది.

ధ్రువజ్యోతి ఘోష్ కృషి

ఈ వ్యవస్థ విలువను లోకానికి తెలియజెప్పిన వ్యక్తి ధ్రువజ్యోతి ఘోష్ (1947 - 2018). పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో ఇంజనీరుగా ఉన్న ఆయన, 1980ల ప్రారంభంలో నగరపు మురుగు ఏమవుతున్నదో పరిశీలించడానికి కాలువల వెంట తిరిగి ఈ చెరువులను చేరుకున్నాడు. నగరానికి పెద్ద శుద్ధి కేంద్రం లేకపోవడానికి కారణం, ఆ పనిని మత్స్యకారులు దశాబ్దాలుగా చేస్తూ ఉండటమేనని గ్రహించాడు. ఈ ప్రాంతానికి సరిహద్దులతో పటం తయారు చేశాడు. తరువాతి కాలంలో చట్టపరమైన రక్షణకు ఆ పటమే ఆధారమయినది. ప్రకృతి, పేదల శ్రమ కలిసి ఇచ్చే రాయితీ వలన నగరం చౌకగా బ్రతుకుతున్నదని ఆయన వాదించేవాడు. ఆయనకు 1990లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం వారి గ్లోబల్ 500 పురస్కారం, 2016లో లూక్ హాఫ్‌మన్ పురస్కారం లభించాయి.

న్యాయస్థానం, చట్టం

1990ల ప్రారంభంలో చిత్తడి నేలలో కొంత భాగాన్ని వ్యాపార కేంద్రం తదితర నిర్మాణాల కోసం తీసుకోవాలన్న ప్రతిపాదన వచ్చింది. దీనిపై ఒక స్వచ్ఛంద సంస్థ కలకత్తా హైకోర్టులో వ్యాజ్యం వేసింది. 1992 సెప్టెంబరులో న్యాయమూర్తి ఉమేష్ చంద్ర బెనర్జీ ఇచ్చిన తీర్పు ఈ నేలల వినియోగాన్ని మార్చరాదని ఆదేశించింది. అభివృద్ధి, పర్యావరణం రెండింటి మధ్య సమతూకం ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. భారతదేశంలో చిత్తడి నేలల రక్షణకు సంబంధించిన తొలి ముఖ్యమైన తీర్పులలో ఇది ఒకటి.

2006లో పశ్చిమ బెంగాల్ శాసనసభ ఈ నేలల సంరక్షణ, నిర్వహణ కోసం ప్రత్యేక చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ఒక ప్రత్యేక నిర్వహణ సంస్థ పనిచేస్తున్నది. అనుమతి లేకుండా నీటి వనరును పూడ్చడం, నేల వినియోగాన్ని మార్చడం ఈ చట్టం ప్రకారం నేరం.

ఆరోగ్య విషయాలు

మురుగునీటితో పండిన ఆహారం తినవచ్చునా అన్న సందేహం సహజం. దీనికి సమాధానం చెప్పేటప్పుడు రెండు రకాల ప్రమాదాలను వేరుగా చూడాలి.

మొదటిది రోగక్రిములు. నీరు తగినన్ని రోజులు ఎండలో నిలవ ఉంటే ఇవి బాగా తగ్గుతాయి. చేపను శుభ్రంగా కడిగి, పేగులు తీసి, బాగా ఉడికిస్తే మిగిలినవి కూడా నశిస్తాయి. పచ్చిగా తినే ఆకుకూరల విషయంలో ప్రమాదం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో ప్రకటించిన మార్గదర్శకాలు, పచ్చిగా తినే పంటలకు పెట్టే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1,000కి మించి మలసంబంధ కోలిఫారంలు ఉండరాదన్నాయి. 2006లో వెలువడిన మార్గదర్శకాలు నీటి నాణ్యత ఒక్కదాని మీదనే ఆధారపడకుండా, పొలం నుండి వంటింటి వరకు పలు జాగ్రత్తలను ఒకదాని తరువాత ఒకటి అడ్డుగోడలుగా నిలపాలని సూచించాయి. కోతకు కొద్ది రోజుల ముందు నీరు ఆపడం, ఆకుల మీద గాక వేళ్ళ దగ్గర నీరు పెట్టడం, కడగడం, ఉడికించడం వీటిలో కొన్ని.

రెండవది క్రోమియం, సీసం, కాడ్మియం వంటి లోహాలు. ఇవి ఎండకు నశించవు, ఉడికించినా పోవు. ఇళ్ళ మురుగులో ఇవి స్వల్పం; తోళ్ళ పరిశ్రమలు, ఇతర కర్మాగారాల వ్యర్థాలు కలిస్తేనే సమస్య. కనుక పరిశ్రమల నీటిని మూలంలోనే వేరు చేయడం తప్ప దీనికి మరొక మార్గం లేదు. కాలువల అడుగున ఉన్న మట్టిలో లోహాలు పేరుకున్నట్లు పరిశోధకులు గుర్తించారు.

ఇక చెరువులలో గంటల తరబడి నిలబడే పనివారికి చర్మవ్యాధులు, నులిపురుగుల బెడద ఉంటాయి. తినేవారి ఆరోగ్యంతో పాటు పండించేవారి ఆరోగ్యం కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

సమస్యలు

మురుగు కొరత: వినడానికి వింతగా ఉన్నా, చాలా భేరీల ప్రధాన సమస్య మురుగునీరు చాలకపోవడమే. బంతలా వద్ద ఉన్న తలుపులను దించి కాలువలో నీటి మట్టాన్ని పెంచితేనే పిల్లకాలువల ద్వారా భేరీలకు నీరు ఎక్కుతుంది. మట్టం పెంచితే వానాకాలంలో నగర వీధులు మునుగుతాయన్న భయం ఉన్నది. నీరు త్వరగా పోవాలన్నది నగరం కోరిక. నీరు కాసేపు నిలవాలన్నది మత్స్యకారుల కోరిక. ఒకే తలుపు మీద రెండు అవసరాలు ఆధారపడి ఉన్నాయి.

పూడిక: కాలువలు, భేరీలు పూడిపోవడం వలన లోతు తగ్గి, నీరు పట్టే సామర్థ్యం తగ్గుతున్నది. పూడిక తీయడం ఖర్చుతో కూడిన పని.

భూమి ధర: నగరం పక్కనే ఉన్న నేల కనుక చేపల మీద వచ్చే ఆదాయం కంటే ఇళ్ళ స్థలంగా దాని ధర ఎన్నో రెట్లు ఎక్కువ. నీరు అందని భేరీ ఎండుతుంది; ఎండిన భేరీని పూడ్చడం సులభం. చట్టం ఉన్నప్పటికీ అక్రమ కట్టడాలు, గోదాములు వెలిశాయి.

తోళ్ళ పరిశ్రమ: సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ననుసరించి నగరంలోని తంగ్రా, తిల్జలా, తోప్సియా ప్రాంతాల తోళ్ళ కర్మాగారాలను బంతలాకు తరలించారు. ఆ చోటు చిత్తడి నేలల పొరుగున ఉండటం వలన వాటి వ్యర్థ జలాలపై నిరంతర పర్యవేక్షణ అవసరం.

వారసులు: భేరీ పనిలో కూలి తక్కువ, శ్రమ ఎక్కువ. చదువుకున్న యువకులు ఇతర ఉద్యోగాల వైపు మొగ్గుచూపుతున్నారు. మురుగును చూసి మోతాదు చెప్పగలిగినవారు తగ్గిపోతే, చెరువు మిగిలినా అది మురుగు గుంటగానే మిగులుతుంది.

తెలుగు ప్రాంతాలతో పోలిక

తెలుగువారికి ఈ విషయం పూర్తిగా కొత్తది కాదు. హైదరాబాదు నగరపు మురుగు మూసీ నదిలో చేరుతుంది. నగరానికి దిగువన, నది వెంట ఉన్న గ్రామాలలో ఆ నీటితో పశుగ్రాసం, ఆకుకూరలు, వరి పండిస్తున్నారు. వాననీటి మీద ఆధారపడిన మెట్ట ప్రాంతంలో ఏడాది పొడవునా నీరు దొరకడం ఆ రైతులకు మేలు. అయితే రెండింటికీ ముఖ్యమైన భేదం ఉన్నది. కోల్‌కతాలో మురుగు మొదట చెరువులోనో, ఝీల్‌లోనో నిలిచి, తరువాతనే పంటకు చేరుతుంది. మూసీ వెంట అటువంటి నిలవ దశ కాలువల ఆనకట్టల వద్ద కొద్దిగా మాత్రమే ఉన్నది. పైగా పరిశ్రమల వ్యర్థాలు కూడా కలిశాయి.

కొల్లేరుతో సంబంధం మరొక విధమైనది. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డలలో పెట్టి కోల్‌కతా బజార్లకు ఎగుమతి అవుతాయి. దూరం నుండి వచ్చే ఈ చేపతో, నగరం పక్కన ప్రాణంతో దొరికే భేరీ చేప పోటీ పడుతున్నది.

చిన్న తోటలకు వర్తించే సూత్రాలు

కోల్‌కతా వ్యవస్థ పెద్దది. అయినా కాలనీవాసులు కలిసి పెంచుకునే తోటకు, పాఠశాల తోటకు కూడా దాని సూత్రాలు వర్తిస్తాయి:

- మరుగుదొడ్డి నీటిని, స్నానాల గది మరియు బట్టలుతికే నీటిని వేరు చేయాలి. చిన్న తోటలో రెండవ దానిని మాత్రమే వాడటం క్షేమం.
- నీటిని గులకరాళ్ళు, ఇసుక నింపి మెట్టతామర లేక జమ్ము నాటిన మడి గుండా పోనివ్వాలి. మొక్కల వేళ్ళ వద్ద ఉండే బాక్టీరియా మలినాలను విడగొడుతుంది.
- శుద్ధి చేయని నీటిని తొట్టెలలో ఒక రోజుకు మించి నిలవ ఉంచరాదు. చెరువులో ఎండ, నాచు, చేపలు ఉన్నాయి. మూతవేసిన తొట్టెలో అవి లేవు కనుక నీరు కుళ్ళుతుంది.
- నీటిని వేళ్ళ దగ్గర, మట్టి లోపలకు ఇంకేటట్లు పెట్టాలి. అరటి, కొబ్బరి, బొప్పాయి, ఉడికించి తినే కూరగాయలకు ఇది అనుకూలం. కొత్తిమీర, పుదీనా, కీర వంటి పచ్చిగా తినేవాటికి వాడరాదు.
- బట్టల సోడా, బోరాన్ ఎక్కువగా ఉన్న సబ్బుల నీరు నేలను పాడుచేస్తుంది. మధ్యమధ్య మంచినీరు లేక వాననీరు పెట్టి లవణాలను కడగాలి.
- మోతాదు నిర్ణయించే బాధ్యత ఎవరో ఒకరికి అప్పగించాలి. రోజూ చూసేవారు లేని తోటలో ఎంత మంచి ఏర్పాటైనా కొద్ది నెలలలో చెడిపోతుంది.

ఇవి కూడా చూడండి

- కొల్లేరు సరస్సు
- మూసీ నది
- రామ్‌సర్ ఒప్పందం
- సుందరవనాలు
- గుర్రపుడెక్క